ఫ్లూ మహమ్మారి బడి గేటు దాటకముందే

స్వైన్ ఫ్లూ మన దేశంలో మొదట బయటపడింది హైదరాబాద్‌లో, 2009 మే నెలలో. ఆగస్టులో పుణెలో తొలి మరణం నమోదైంది. చనిపోయింది 14 ఏళ్ల బడిపిల్ల. ఆ వెంటనే అక్కడ హడావిడిగా బడులు మూశారు. నిజానికి మధ్యలో రెండు నెలలకు పైగా వ్యవధి ఉంది. అంత వ్యవధి ప్రతిసారీ దొరకదు కాబట్టి, మహమ్మారి మాట వినబడని రోజుల్లోనే చేసి పెట్టుకోవలసిన పనులు ఇవి. చాలావాటికి పైసా ఖర్చు లేదు.

హాజరు పట్టీతో మొదలుపెట్టండి. రానివారి పేరు దగ్గర కారణం కూడా రాయాలి. జ్వరమైతే ఎర్ర సిరాతో ‘జ్వ’ అని రాస్తే చాలు. మామూలు నెలల్లో తరగతికి ఎందరు మానేస్తారో తెలిస్తేనే తేడా పట్టుబడుతుంది. పత్తి ఏరే రోజుల్లో సగం బెంచీలు ఖాళీగా ఉంటే కంగారు పడనక్కరలేదు. ఒకే తరగతిలో రెండు మూడు రోజులు వరుసగా ‘జ్వ’లు పెరుగుతుంటే మాత్రం ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఫోను చేయాలి. ఏఎన్ఎం నంబరు హెడ్మాస్టరు ఫోనులోనే ఉంటే ఆయన సెలవు పెట్టిన రోజు ఎవరికీ అక్కరకు రాదు. ఆఫీసు గోడ మీద రాయించండి. తల్లిదండ్రుల నంబర్లు మోగుతున్నాయో లేదో కూడా చూడండి.

ఫ్లూ సోకిన పిల్లలు లక్షణాలు కనబడడానికి ఒక రోజు ముందు నుంచే ఇతరులకు అంటిస్తారు. గేటు దగ్గర నుదుటికి థర్మామీటరు గురిపెట్టినంత మాత్రాన వాళ్లందరూ దొరకరు. పొద్దున పారాసెటమాల్ వేసి పంపితే అసలే దొరకరు. మందు వేయకుండానే 24 గంటలు జ్వరం లేకుంటేనే బడికి పంపాలని తల్లిదండ్రుల సమావేశంలో ముందే గట్టిగా చెప్పండి. నూరు శాతం హాజరుకు బహుమతులిచ్చే బడులు మహమ్మారి వచ్చిన ఏడాదికి వాటిని మానుకోవాలి. జ్వరంతో వచ్చిన పిల్లవాడికి మెడల్ ఇవ్వడమంటే ఊరికి జబ్బు పంచడమే.

బడిలో జ్వరం వస్తే కూర్చోబెట్టడానికి గాలి ఆడే గది ఒకటి కేటాయించండి, స్టోరు రూము పనికిరాదు. ఆయాసం, డొక్కలు ఎగరేయడం, పెదవులు నీలంగా మారడం, మత్తుగా పడి ఉండడం, తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెట్టడం కనబడితే 108కి ఫోను చేయాలి. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్న పిల్లల జాబితా ముందే ఉండాలి. ఫ్లూకు వాడే ఒసెల్టామివిర్ మందు మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం, కాబట్టి వీళ్లకు జ్వరం వస్తే అదే రోజు డాక్టరుకు చూపించాలి.

చేతులు కడుక్కోమని గోడ మీద బొమ్మలు వేయించి కొళాయి దగ్గర సబ్బు పెట్టని బడులు కొల్లలు. సబ్బును వల సంచిలో వేసి కొళాయికి కట్టేస్తే మాయం కాదు, బురదలో నానదు. భోజనం గంటకు ముందు తరగతులను పది నిమిషాల తేడాతో వదిలితే తోపులాట ఉండదు.

అన్నిటికన్నా చిక్కు గురుకులాలది. జబ్బు మొదలయ్యాక అందరినీ బస్సులెక్కించి పంపితే వైరస్ కూడా తండాలకు, పల్లెలకు వెళుతుంది. అలాగని ఒకే హాలులో ఉంచలేం. అందుకే పడకలను దూరంగా జరిపి, ఒకరి తల పక్కన ఇంకొకరి కాళ్లు వచ్చేలా పడుకోబెట్టాలి. జ్వరమొచ్చినవాళ్లకు ఏ గది, రాత్రి ఎవరు కాపలా, నర్సు కూడా పడిపోతే ఎవరు, ఇవన్నీ కాగితం మీద ఉండాలి.

మూసివేత నిర్ణయం పై అధికారులది, కానీ దాని బరువు మోసేది బడి. 1918లో అమెరికాలో చాలా నగరాలు బడులు మూస్తే, న్యూయార్క్, షికాగో తెరిచే ఉంచి నర్సుల చేత పిల్లలను పరీక్ష చేయించాయి. మూసినా పిల్లలంతా ట్యూషన్‌లో చేరితే ఫలితం దక్కదు. మధ్యాహ్న భోజనం మీద ఆధారపడినవారికి బియ్యం, గుడ్లు ఎలా చేరతాయో ఆలోచించాలి. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లకే సరుకులు అందించారు. పాఠాల సంగతికొస్తే, ఇంటికి ఒకే ఫోను, అదీ నాన్నతో పనికి పోతుందన్నది అప్పుడే తేలింది. వారానికి సరిపడా అచ్చు కాగితాలు తరగతివారీగా సిద్ధం చేసి బీరువాలో పెట్టుకోండి.

ఏటా వేసే ఫ్లూ టీకా కొత్త రకం వైరస్‌ను ఆపుతుందని చెప్పలేం. అయినా మామూలు ఫ్లూ బాధ తగ్గుతుంది కనుక గర్భిణులైన టీచర్లు, షుగరు ఉన్న సిబ్బంది, వంట చేసేవాళ్లు డాక్టరును అడిగి వేయించుకోవడం మంచిది.