చిన్న బైపాస్ సర్క్యూట్‌ను సురక్షితంగా మొదలుపెట్టే పద్ధతి

శస్త్రచికిత్స సమయంలో గుండె, ఊపిరితిత్తుల పనిని తాత్కాలికంగా చేసే బైపాస్ సర్క్యూట్, అంటే సాధారణ గుండె–ఊపిరితిత్తుల యంత్రాన్ని నింపడానికి సుమారు లీటరున్నర ద్రవం అవసరమవుతుంది. గొట్టాలను కుదించి, రక్తాన్ని నిలవ ఉంచే, గాలికి తెరిచి ఉండే రిజర్వాయర్‌ను తొలగించి, సెంట్రిఫ్యూగల్ పంపును, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు) పూత ఉండి, రక్తానికి ఆక్సిజన్ అందించే ఆక్సిజనేటర్‌ను అమర్చిన మూసిన సర్క్యూట్‌కు అందులో సగం సరిపోవచ్చు. అందువల్ల రక్తం తక్కువగా పలచబడి, రక్తం ఎక్కించవలసిన అవసరమూ తగ్గుతుంది. మొదట కరోనరీ బైపాస్ (గుండె ధమనుల్లోని అడ్డంకిని దాటించే శస్త్రచికిత్స) కేసులనే ఎంచుకోవాలి. గుండె గదులను విస్తృతంగా తెరిచే శస్త్రచికిత్సలను అనుభవం వచ్చాక చేపట్టడం మేలు.

అసలు జాగ్రత్త గాలి విషయంలో ఉండాలి. పంపు సిరల రక్తాన్ని నేరుగా లాగుతుంది కాబట్టి, కాన్యులా (రక్తాన్ని బయటికి తీసే గొట్టం) చుట్టూ కుట్టు కాస్త వదులైనా గాలి లోపలికి చొరబడుతుంది. ఆ కుట్టును రెండు వరుసలుగా బిగించి, సిరల గొట్టంలో బుడగలను పట్టి తొలగించే పరికరాన్ని తప్పనిసరిగా అమర్చాలి. రిజర్వాయర్ లేనందున రోగి రక్తనాళాలే రక్తాన్ని నిలవ ఉంచే పని చేస్తాయి. అందుచేత ప్రవాహం తగ్గినప్పుడు పంపు వేగం పెంచడం పొరపాటు (కొత్తవారు మొదట చేసేది అదే), మత్తు వైద్యుడు బల్లను తల వైపు దించాలి లేదా రక్తనాళాలను సంకోచింపజేసే మందు ఇవ్వాలి. శస్త్రచికిత్స స్థలంలోని రక్తాన్ని తిరిగి సర్క్యూట్‌లోకి పంపక, రక్తాన్ని శుభ్రం చేసే యంత్రమైన సెల్ సేవర్‌లో కడిగిన తర్వాతే ఎక్కించాలి.

అనుకోని రక్తస్రావం జరిగితే వెంటనే కలపగలిగేలా గట్టి రిజర్వాయర్‌ను సర్క్యూట్‌కు పక్కనే సిద్ధంగా ఉంచాలి. ఆ మార్పిడిని శస్త్రవైద్యుడు, యంత్రాన్ని నడిపే పెర్ఫ్యూజనిస్ట్, మత్తు వైద్యుడు ముగ్గురూ కలిసి ముందే సాధన చేయాలి.