బోరు దగ్గర సోలార్ ప్యానెళ్లు బిగించే ముందు చూసుకోవాల్సినవి

దొంగల గురించి ఆలోచించాల్సింది బిగించే రోజునే, పోయాక కాదు.

- ప్రతి ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద సీరియల్ నంబర్ ఉంటుంది. పైకి ఎక్కించక ముందే అన్నిటికీ ఫోన్‌లో ఫొటోలు తీసి బిల్లుతో పాటు దాచండి, రేపు పోలీసు ఫిర్యాదుకైనా ఇన్సూరెన్స్‌కైనా అవే ఆధారం.

- మామూలు నట్లు పానా ఉంటే చాలు, ఊడిపోతాయి. బిగించాక తల విరిగిపోయే యాంటీ థెఫ్ట్ నట్లు వేయమని మీరే గట్టిగా అడగండి, ఖర్చు కాస్త ఎక్కువైనా సరే. కానీ ప్యానెల్ ఫ్రేముకి వెల్డింగ్ చేయించొద్దు, కొత్త రంధ్రాలు వేయించొద్దు, వారంటీ పోవచ్చు.

- రాగి కేబుల్ బయటికి వేలాడకూడదు! పైపులో వేసి పూడ్చేయండి.

- పక్క పొలం వాళ్లకి మీ నంబర్ ఇవ్వండి. పంట లేని రోజుల్లో అటు చూసేది వాళ్లే.