గడియ తీసుకునే గుర్రం: నా అనుభవం

మా మార్వారీ జాతి ఆడగుర్రం రాత్రి పెదవులతో తన కొట్టం తలుపు గడియ పిడి లేపి, పళ్ళతో లాగి, దాణా గదిలో చేరేది. గుర్రం వాంతి చేసుకోలేదు. దాణా మితిమీరితే కడుపునొప్పితో ప్రాణమే పోవచ్చు. అందుకే నాకు నిద్ర పట్టేది కాదు.

తాడు, ఇనుప తీగ, పైన రెండో గడియ, ఏవీ నిలవలేదు. నిప్పు అంటుకుంటే వెంటనే తెరవలేనన్న భయంతో తాళం వేయలేదు.

చివరికి ఆ రెండో గడియనే ఊడదీసి, తలుపు బయట అడుగున, నేలకు జానెడు ఎత్తులో బిగించాను. మెడ ఎంత చాచినా మూతి అందదు, నేను మాత్రం కాలితో తీయగలను. తరువాత పైనున్న మొదటి గడియ పిడికి స్ప్రింగు కొక్కెం తగిలించాను. అదే రాత్రి నుంచి సన్నకన్నుల వలలో ఎండుగడ్డి కూడా కడుతున్నాను.

రెండు నెలలుగా గుర్రం బయటికి రాలేదు. ఆపింది గడియో గడ్డో కచ్చితంగా చెప్పలేను. తలుపును తన్నే గుర్రాలకు ఇది చాలకపోవచ్చు.