యూఎస్‌బీ థర్మామీటర్‌లో 85 డిగ్రీల చిక్కు

మైక్రోకంట్రోలర్ (చిన్న కంప్యూటర్ లాంటి చిప్) బోర్డుకి డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత సెన్సార్ కలిపి, యూఎస్‌బీకి పెట్టగానే గది ఉష్ణోగ్రత కంప్యూటర్‌లో కనిపించేలా చేశాను. కానీ ఎప్పుడు చూసినా 85 డిగ్రీలే! ముందు వైరింగ్ మీద అనుమానం వచ్చింది. డేటా వైరుకీ పవర్‌కీ మధ్య 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ సరిగ్గానే ఉంది.

అసలు సంగతేమిటంటే, పవర్ రాగానే ఆ సెన్సార్ చిప్ మెమరీలో ఉండే విలువే 85. 12 బిట్ల (అన్నిటికన్నా సూక్ష్మమైన) రీడింగ్ తయారవడానికి 750 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. కోడ్ అంతసేపు ఆగకుండానే చదివేస్తోంది. కొలవమన్న కమాండ్ తర్వాత 800 మిల్లీసెకన్లు ఆగేలా మార్చాను. వెంటనే 28.5 వచ్చింది. ఆ అంకె చూసి ఎంత సంతోషమేసిందో!

ఇంకో మాట, సెన్సార్‌ని బోర్డుకి ఆనించి పెట్టకండి. బోర్డు మీద వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ వేడికి రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. నేను జానెడు వైరు వేసి దూరంగా పెట్టాను.