పాత నాటికల్ అల్మనాక్, సెక్స్టాంట్, ఫ్లేర్లు: ఏది ఉంచాలి, ఏది వదిలించుకోవాలి

ఒడిశాలోని గోపాలపూర్ వైపు ఓడ ఉద్యోగం చేసి వచ్చినవారి ఇంట్లో ఈ సామాన్లున్న పెట్టె దొరికితే, మొత్తం బరంపురం పాత సామాన్ల కొట్టుకు తూకానికి వేసేయకండి.

ముందు అల్మనాక్ సంగతి. ఏ వేళకు సూర్యచంద్రులు, గ్రహాలు ఆకాశంలో ఎక్కడుంటాయో చెప్పే ఏటేటి పుస్తకం ఇది. ఏడాది దాటితే చంద్రుడు, గ్రహాల అంకెలు పనికిరావు. సూర్యుడివి మాత్రం పనికొస్తాయి. సౌర సంవత్సరం 365 రోజుల 5 గంటల 48 నిమిషాలు కదా. అందుకే నిరుటి పుస్తకంలో అదే తేదీ తీసి, మీ యూటీ (గ్రీనిచ్) సమయానికి 5 గంటల 48 నిమిషాల ముందున్న జీహెచ్‌ఏ (గ్రీనిచ్ నుంచి పడమటికి సూర్యుడి కోణం), డెక్లినేషన్ (భూమధ్యరేఖకు ఉత్తరంగా గానీ దక్షిణంగా గానీ సూర్యుడి కోణం) చూడండి. జీహెచ్‌ఏకు 87 డిగ్రీలు కలపండి. మధ్యలో ఫిబ్రవరి 29 వస్తే 18 గంటల 12 నిమిషాల తర్వాతి సమయం చూడాలి, కలిపేది అదే 87. సరిగ్గా నాలుగేళ్ల నాటి పుస్తకమైతే లెక్కే అక్కర్లేదు, డెక్లినేషన్ తేడా ఒక కోణ నిమిషం దాటదు. గంట మీద నిమిషాలకు, సెకన్లకు ఎంత కలపాలో చెప్పే ఇంక్రిమెంట్స్ పట్టికలు ఏటా మారవు, ఆ పేజీలు దాచుకోండి. ఇదంతా నేర్చుకోవడానికే. ఓడ మీద ఆ ఏటి పుస్తకమే ఉండాలి.

గోపాలపూర్ తీరంలో మధ్యాహ్నపు సూర్యుణ్ణి సెక్స్టాంట్‌తో (సముద్రపు అంచు నుంచి సూర్యుడి ఎత్తును కోణంగా కొలిచే పరికరం) కొలిచి చూడండి. సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళ ఏడాది పొడవునా 11:34 నుంచి 12:04 మధ్య మారుతుంటుంది, కాబట్టి పావుగంట ముందే మొదలుపెట్టండి. డిప్ (కంటి ఎత్తు వల్ల సముద్రపు అంచు కిందికి కనబడే తేడా), బింబం (సూర్యుడి అంచు నుంచి నడిమికి ఉన్న తేడా) సవరణలు వేశాక వచ్చిన ఎత్తును 90 నుంచి తీసేసి డెక్లినేషన్ కలిపితే (దక్షిణ డెక్లినేషన్ అయితే తీసేస్తే) గోపాలపూర్ అక్షాంశమైన 19 డిగ్రీల 16 నిమిషాల దగ్గరకు రావాలి. మే మూడో వారం నుంచి జూలై చివరి వారం దాకా వద్దు: అప్పుడు సూర్యుడు మనకు ఉత్తరంగా దాటుతాడు, అటు నేలే తప్ప సముద్రపు అంచు ఉండదు.

సెక్స్టాంట్‌ను మంచినీటి తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. ఉప్పు మిగిలితే అద్దం వెనక పూత నల్లబడుతుంది. కోణం తిప్పే మర మీద ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె చాలు. ఇత్తడి పాలిష్ రుద్దితే కొలత గీతలు అరిగిపోతాయి, తర్వాత అది షోకేసు బొమ్మే. నల్ల అద్దం వేయకుండా సూర్యుణ్ణి చూడకండి, కళ్లు పోతాయి.

పాత జీపీఎస్ 19 ఏళ్ల వెనకటి తేదీ చూపిస్తే భయపడకండి. 2019 ఏప్రిల్‌లో జీపీఎస్ తేదీకి వాడే 1024 వారాల లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలైంది. చోటు చాలావరకు సరిగానే చూపిస్తుంది. అమ్మేముందు అందులో దాచుకున్న వేట పాయింట్లు (చేపలు దొరికే చోట్లు) చెరిపేయండి.

అసలు జాగ్రత్త ఇక్కడ. ఈపీఐఆర్‌బీని (పడవ ఆపదలో ఉందని ఉపగ్రహానికి సంకేతం పంపే పరికరం) కొట్టులో సుత్తితో కొడితే 406 మెగాహెర్ట్జ్ సంకేతం ఉపగ్రహానికి పోవచ్చు, లేని పడవ కోసం కోస్ట్ గార్డ్ వెతుకుతుంది. ముందు రిజిస్ట్రేషన్ రద్దు చేయించి, బ్యాటరీని తెలిసినవారిచేత తీయించండి. గడువు దాటిన ఫ్లేర్లను (ఆపదలో వెలిగించే సంకేత మంటలు) దీపావళికి కాల్చొద్దు, సముద్రంలో పడేయొద్దు. వాటిని అమ్మిన షిప్ చాండ్లర్‌ను (ఓడ సామాన్ల వ్యాపారిని) గానీ మెరైన్ పోలీసులను గానీ అడిగి అప్పగించండి. లెడ్ బ్యాటరీలను పగలగొట్టకుండా, యాసిడ్ ఒంపకుండా, కొత్తది కొనేచోట పాతదిగా ఇచ్చేయండి.