ద్రవ్యరాశి–శక్తి లెక్కలు: పరీక్ష ముందు చూసుకోవాల్సినవి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సెకండ్ ఇంటర్ పిల్లలూ, కేంద్రకం పాఠంలో E = mc² ఫార్ములా (సీ అంటే కాంతి వేగం) అందరికీ వచ్చు. మార్కులు పోయేది యూనిట్ల దగ్గరే.

931.5 వాడాక మళ్లీ సీ స్క్వేర్‌తో గుణించకండి. 1 యూ (పరమాణు ద్రవ్యరాశి యూనిట్) అంటే 931.5 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు), సీ స్క్వేర్ అందులోనే కలిసిపోయి ఉంది. ఇక్కడ తప్పితే కింద చేసిన లెక్కంతా దండగ.

గ్రాముల్ని ముందే కేజీల్లోకి మార్చండి. 1 గ్రాముకి 9×10¹³ జౌళ్లు రావాలి. 10¹⁶ వచ్చిందంటే మార్చడం మరిచిపోయారన్నమాట. ఆ 9×10¹³ని 3.6×10⁶తో (ఒక కిలోవాట్ అవర్‌లో ఉండే జౌళ్లు) భాగిస్తే రెండున్నర కోట్ల యూనిట్లు, అవే మన కరెంటు బిల్లులో కనిపించే యూనిట్లు! రణస్థలం మండలం కొవ్వాడలో అణు కేంద్రం పెడతామని అంటున్నారు కదా, అలాంటి చోట యురేనియం మొత్తం శక్తిగా మారిపోదు. విచ్ఛిత్తిలో (కేంద్రకం చీలినప్పుడు) మారేది వెయ్యో వంతుకి కాస్త తక్కువే.

దశాంశాలు తొందరపడి కొట్టేయకండి. హీలియంలో ద్రవ్యరాశి లోపం (విడి కణాల మొత్తం కంటే కేంద్రకం ఎంత తక్కువో అది) 0.0304 యూ, దానికి సమానమైన బంధన శక్తి 28.3 ఎంఈవీ. ముందే 0.03 చేసేస్తే 27.9కి పడిపోతుంది. ఆప్షన్లు దగ్గరదగ్గరగా ఇస్తే ఇక అంతే సంగతులు.

ఎంఈవీ నుంచి జౌళ్లకి మార్చాలంటే 1.6×10⁻¹³తో గుణించండి. 1.6×10⁻¹⁹ ఈవీకి (ఎలక్ట్రాన్ వోల్టుకి) మాత్రమే.

పరమాణు ద్రవ్యరాశి ఇస్తే ప్రోటాన్ బదులు హైడ్రోజన్ పరమాణువు విలువ 1.00783 వేయండి, రెండు వైపులా ఉన్న ఎలక్ట్రాన్లు వాటంతటవే సరిపోతాయి.