మృదంగం వచ్చినవాళ్లు మోర్సింగ్ పట్టాలంటే

లయ మీకు కొత్త కాదు. కష్టమంతా నోటి దగ్గరే. మోర్సింగ్ అంటే పళ్లకు ఆనించి వాయించే చిన్న ఇనుప వాద్యం: గుండ్రటి చట్రం, దాని నుంచి ముందుకొచ్చే రెండు కొమ్ములు, వాటి మధ్య వేలితో మీటే సన్నటి లోహపు నాలుక, అదే రీడు.

ఒక్కో మోర్సింగ్‌కి ఒకటే శ్రుతి. మీరు ఎక్కువగా పక్కవాద్యం వాయించే గాయకుల శ్రుతికి సరిపోయేది, లేదా రవ్వంత హెచ్చుగా ఉన్నది కొనండి. రీడు కొసకి ఆవగింజంత తేనెమైనం అంటిస్తే శ్రుతి దిగుతుంది. పెంచాలంటే రీడును ఆకురాయితో అరగదీయాలి, ఆ పని జోలికి ఇప్పుడే పోవద్దు.

గుండ్రటి భాగాన్ని ఎడమచేత్తో పట్టుకోండి. కొమ్ముల్ని నొక్కితే రీడు వాటికి తగిలి గరగరమంటుంది. కొమ్ములు ముందుపళ్లకు తేలిగ్గా ఆనాలి, పళ్ల మధ్య రీడు ఆడేంత సందుండాలి. కుడి చూపుడువేలితో మీటండి. టకటకమని వినిపిస్తే రీడు పంటికి కొడుతోందని అర్థం. వెంటనే ఆపండి, పన్ను విరుగుతుంది.

మృదంగం చేతులు ప్రతి అక్షరాన్నీ మీటబోతాయి, మణికట్టు అలిసిపోతుంది. "తకధిమి"లో త, ధి మాత్రమే మీటి, క, మి నాలుకతో, ఊపిరితో పలికించండి. గొంతుతో శబ్దం చేయకూడదు. మొదటి వారం విలంబంలో (నెమ్మది కాలంలో), తంబురా పెట్టుకుని, రోజుకు పావుగంట చాలు. పెదవులు అంతకుమించి ఓర్చవు.

విశాఖలో, ముఖ్యంగా బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో, ఉప్పుగాలికి ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది. వాయించగానే ఉమ్మి తడి పొడిగుడ్డతో తుడిచి, మైనం తగలకుండా ఒక్క చుక్క కొబ్బరినూనె రాసి మూత డబ్బాలో పెట్టండి.